గడ్డ ఎక్కడుందో అడగరు, విశ్వాసం ఎంతుందో అడుగుతారు



ఈ వారం రాయడానికి కూర్చొని రెండుసార్లు లేచిపోయాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. కాబట్టి ఆ కోపంతోనే రాస్తున్నాను, సహించి చదవండి.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఒక సహోదరి చాపలు చుడుతూ ఉండిపోయింది. నా భార్య గమనించి లోపలికి పిలిచింది. ఆ అమ్మాయి బైబిల్లోంచి నాలుగు మడతలు పెట్టిన స్కానింగ్ కాగితం తీసి నా చేతిలో పెట్టింది. పెళ్లయి అయిదేళ్లు, వయసు 31. "అయ్యగారూ, గర్భసంచిలో గడ్డలున్నాయంట. ఆపరేషన్ చేయించుకుంటే నాకు విశ్వాసం లేనట్టేనా?" అని అడిగింది. (ఆమెను, ఆమె భర్తను అడిగి, ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఎవరై ఉంటారా అని వెతకడం దయచేసి మానండి.)

ఆ ప్రశ్న ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. పక్క మండలంలో మూడు రోజుల స్వస్థత మహాసభలకు వెళ్లిందట. వేదిక మీద ప్రసంగీకుడు ఈమె తల మీద చెయ్యి పెట్టి గడ్డ కరిగిపోయిందని ప్రకటించాడట. ఇక కత్తి పెట్టించుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే అన్నాడట. ఆ మర్నాడే ఆమెకు రక్తస్రావం మొదలై తొమ్మిది రోజులు ఆగలేదు. ఇంట్లో అత్తగారేమో ఎదురింటివాళ్ల కోడలి మాట చెప్పి, పెద్ద గడ్డ ఉన్న మనిషికి పిల్లలేం పుడతారంటున్నారు. టౌన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌వారు వారంలోగా పొట్ట కోసి రెండూ తీసేద్దాం, అడ్వాన్స్ కట్టండి అన్నారట. ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, ఆ కాగితంలో ఏముందో కూర్చోబెట్టి చెప్పినవారు ఒక్కరూ లేరు.

ముందు నాతోటి సేవకులతో మాట్లాడాలి.

వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసమని బోధించేవారు ఎప్పుడూ ఆసా రాజును తీసుకొస్తారు. పాదాల్లో జబ్బు చేసినప్పుడు ఆయన యెహోవాను వెదకక వైద్యులను పట్టుకున్నాడని రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయంలో ఉంది కదా, అంటారు. ఉంది. ఆ అధ్యాయం మొదటి నుంచి చదివారా? ఆసా ఆలయంలోని వెండి బంగారాలు సిరియా రాజుకు పంపి అతని సాయం కొనుక్కున్నాడు. అది తప్పని చెప్పిన దీర్ఘదర్శిని బందీఖానాలో వేయించాడు. ప్రజల్లో కొందరిని బాధపెట్టాడు. దేవుని మాట వినను అని అప్పటికే మొండికేసిన మనిషి ఆయన. జబ్బులో కూడా ఆ మొండితనమే సాగింది. ఆ కథను తెచ్చి, ఉపవాసం ఉండి కన్నీళ్లతో ప్రార్థించే ఆడపిల్ల మీద పెడతారా? హిజ్కియాకు ఇంకా పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని వాగ్దానం చేసిన దేవుడే అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. వాగ్దానం దొరికింది కదా, ముద్ద ఎందుకని యెషయా అనలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతికి కడుపులో బాగుండనప్పుడు పౌలు తైలం పంపలేదు, ఏం పుచ్చుకోవాలో చెప్పాడు.

ఇంకో మాట కూడా గుర్తు చేస్తాను. మన తెలుగు సంఘాలకు సువార్త ఎవరి చేతుల్లో వచ్చిందో మరిచిపోయాం. అన్నా కుగ్లర్ అనే లూథరన్ మిషనరీ వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. వేలూరులో ఐడా స్కడర్ మొదలుపెట్టిన పని ఈ రోజు ఎంత పెద్ద ఆసుపత్రి అయిందో మీలో చాలామంది రైలెక్కి వెళ్లి చూసినవారే. ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో కత్తి పట్టుకున్న ఆ అమ్మల వల్ల మన ముత్తవ్వలు కాన్పుల్లో బతికారు. వాళ్ల మనవలమైన మనం ఈ రోజు మైకులో కత్తి అవిశ్వాసం అంటున్నాం.

ఇంత గట్టిగా మాట్లాడే అర్హత నాకుందా అంటే, లేదు. సెమినరీ నుంచి డిప్లొమా పట్టుకొని వచ్చిన కొత్తలో నేనూ ఇదే బోధించాను. అప్పట్లో ఒక సహోదరికి నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగేది కాదు. డాక్టర్ గడ్డ ఉందన్నారు, ఐరన్ మాత్రలిచ్చారు, తీయాల్సి రావచ్చన్నారు. నేను తైలం రాసి, "మాత్రల మీద ఆనుకోకమ్మా, ప్రభువు మీద ఆనుకో" అన్నాను. ఆమె నా మాట విన్నది. మాత్రలు మానేసింది. ఏడాదిన్నర తర్వాత ఒక రాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 5 ఉంది. ఉండాల్సింది 12. మూడు సంచుల రక్తం ఎక్కించారు. ఆ రాత్రి వరండాలో నేను చేసిన ప్రార్థన స్వస్థత కోసం కాదు, నా నోరు క్షమించమని. ఆమె బతికింది. ఆపరేషన్ అయింది. కానీ ఆమె వయసులో నేను పోగొట్టిన రెండేళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆమెకు పిల్లలు కలగలేదు. ఆ రెండేళ్లే కారణమని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఇప్పటికీ ఆమె మన మందిరంలో ముందు వరుసలో కూర్చుంటుంది. నేను బల్ల దగ్గర రొట్టె విరిచే ప్రతిసారీ ఆమె నాకు కనబడుతుంది.

అప్పటి నుంచి అడగడం నేర్చుకున్నాను. జిల్లా ఆసుపత్రిలో ఒక ప్రసూతి వైద్యురాలు ఓపికగా కాగితం మీద బొమ్మ వేసి చెప్పిన మాట ఇప్పుడు మీకు చెప్తాను. నేను వైద్యుణ్ణి కాను. ఇది చదివి ఎవరూ ఆపరేషన్ చేయించుకోవద్దు, ఎవరూ మానుకోవద్దు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి చదవండి.

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోంచే పెరిగే గడ్డ. క్యాన్సర్ కాదు. క్యాన్సరుగా తేలేది చాలా అరుదు. శాపం కాదు, చేతబడి కాదు, దురాత్మ గూడు కట్టుకున్నదీ కాదు. 50 ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్లకు ఒకటో రెండో ఉంటాయి. చాలామందికి ఉన్నట్టే తెలియదు, తెలియకుండానే కని పెంచుతారు. మన మందిరంలో నలుగురైదుగురు బిడ్డల తల్లుల్ని స్కాన్ చేస్తే ఎంతమందికి బయటపడతాయో!

మరి కొందరికి ఎందుకు అడ్డం పడుతుంది? అది ఉన్న చోటును బట్టి. గర్భసంచిని ఒక గది అనుకోండి. గడ్డ గది బయట గోడకు సొరకాయలాగా వేలాడుతూ ఉండవచ్చు. గోడ మందంలోనే ఉండవచ్చు. లేదా గోడ లోపలి సున్నం ఉబ్బి గదిలోకి పొడుచుకు రావచ్చు. డాక్టర్లు వీటిని సబ్‌సీరస్, ఇంట్రామ్యూరల్, సబ్‌మ్యూకస్ అంటారు. బయటికి వేలాడేది గర్భం నిలవడానికి అడ్డు వస్తుందనడానికి ఆధారం లేదు. గదిలోకి పొడుచుకు వచ్చేది చిన్నదైనా సరే అడ్డం. పిండం నాటుకునే చోటునే అది పాడుచేస్తుంది. మధ్యలో గోడలో ఉండేదాని గురించి డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. గది ఆకారాన్ని మార్చకుండా ఉంటే, దాన్ని తీసినందువల్ల గర్భం వస్తుందని రుజువు కాలేదు.

ఇది ఏదో పల్లెటూరి పాస్టరు పోలిక కాదు. అమెరికన్ సొసైటీ ఫర్ రిప్రొడక్టివ్ మెడిసిన్ అనే సంతానలేమి వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల సారం కూడా ఇదే: గది ఆకారాన్ని మార్చే గడ్డను తీస్తే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, వేరే బాధ ఏదీ లేకుండా గదిని ముట్టని గడ్డను కేవలం పిల్లల కోసమని తీయమని సాధారణంగా సలహా ఇవ్వరు. గర్భస్రావాలు తగ్గుతాయా అన్నదానికి గట్టి రుజువు లేదని కూడా ఆ పెద్దలు ఒప్పుకున్నారు. తెలియనిది తెలియదని చెప్పే ఆ వినయం మన వేదికల మీద ఉంటే ఎంత బాగుండు!

ఇప్పుడు మన సహోదరి కాగితం చూడండి. రెండు గడ్డలు. ఒకటి 5 సెంటీమీటర్లు, గర్భసంచి బయటి వైపు. రెండోది 2 సెంటీమీటర్లు, సబ్‌మ్యూకస్, గదిలోకి పొడుచుకు వచ్చింది. ఇంట్లోవాళ్లందరూ ఏడుస్తున్నది ఆ 5 సెంటీమీటర్ల గడ్డను చూసి. చిన్నదాని ఊసే లేదు. నర్సింగ్ హోమ్‌వారు రెండూ తీద్దామన్నది కూడా పెద్దదాన్ని చూపించి భయపెట్టే. కానీ పిల్లల విషయంలో ఆరా తీయాల్సింది చిన్నదాని గురించి. తొమ్మిది రోజుల రక్తస్రావానికి కూడా ఎక్కువ అనుమానించాల్సింది దాన్నే. అలాంటిదాన్ని చాలాసార్లు పొట్ట కోయకుండా, యోని మార్గం గుండా సన్నని దుర్భిణి పంపి తీస్తారు. హిస్టరోస్కోపీ అంటారు. ఎక్కువమంది ఆ రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు. పెద్దదాన్ని తీయాలంటే మాత్రం పొట్ట మీద గాటు పెట్టాలి, లేదా రంధ్రాలు చేసి ల్యాప్రోస్కోపీ చేయాలి.

రెండూ ఒకటే ఆపరేషన్ కాదు కదా! ఆ తేడా ఆమెకు చెప్పకుండా అడ్వాన్స్ అడిగిన చోటుకు నేను పేరు పెట్టను. అలాంటివి ఒకటి కాదు.

విశ్వాసం పేరుతో కత్తి వద్దన్నవారిని తిట్టాను గనుక కత్తి పట్టిన ప్రతివాణ్ణీ సమర్థిస్తున్నాననుకోవద్దు. గర్భసంచి గోడను కోసి గడ్డ తీస్తే రక్తం బాగా పోతుంది. మానే క్రమంలో లోపల పేగులూ నాళాలూ ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. పిల్లల కోసం చేసిన ఆపరేషనే నాళాలకు అడ్డు తేవచ్చన్నమాట. గాయం మానేదాకా సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు గర్భం కోసం ప్రయత్నించవద్దంటారు. కోత లోతుగా పడితే కాన్పు సిజేరియనే చేయాల్సి రావచ్చు. కొత్త గడ్డలు మళ్లీ పుట్టవచ్చు. అరుదుగా రక్తం ఆగక గర్భసంచినే తీసేయాల్సి వస్తుంది. 28 ఏళ్ల పిల్లకు ఆరు నెలలు పెద్ద లెక్క కాదు. 39 ఏళ్ల ఆమెకు ఆరు నెలలంటే ఇంట్లో ఉన్న ఆఖరి బియ్యం. అందుకే ఒకరికి చెప్పిన సలహా ఇంకొకరికి పనికిరాదు. మన వాట్సాప్ గ్రూపులో "మా వదినకు తీయించగానే నెల తప్పింది" అని పెట్టిన తల్లికి ఇది చెప్తున్నాను. మీ వదిన సాక్ష్యానికి దేవునికి స్తోత్రం. మీ వదిన గడ్డ ఎక్కడుందో ముందు కనుక్కోండి.

ఆపరేషన్ లేకుండా కరిగించే ఇంజెక్షన్లు, మాత్రలు ఉన్నాయి కదా అని కొందరు అడిగారు. కొన్ని ఉన్నాయి, గడ్డను కొంతకాలం కుదిస్తాయి. ఆపరేషన్‌కు ముందు రక్తస్రావం తగ్గించడానికి పనికొస్తాయి. కానీ వాటిని వాడినన్నాళ్లూ గర్భం రాదు. మానేశాక గడ్డ మళ్లీ పెరుగుతుంది. ఇక కషాయాలు, ఆకు పసర్లు, ఇంటర్నెట్‌లో అమ్మే పొడులు, వీటితో గడ్డలు కరిగాయనడానికి రుజువు లేదు. "ప్రార్థించిన నూనె" అని సీసా 500 రూపాయలకు అమ్మేవారి గురించి ఇక్కడ రాస్తే ధ్యానం కాస్తా పోలీసు ఫిర్యాదు అవుతుంది, వదిలేస్తున్నాను.

అన్నిటికంటే భయంకరమైన సలహా ఒకటి మన జిల్లాల్లో సులువుగా దొరుకుతుంది. "సంచి తీయించేసుకో, పీడ పోతుంది." 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. మన ఆడవాళ్లకేమైనా దేశంలో లేని జబ్బులున్నాయా? లేవు. భయపెట్టేవారు ఉన్నారు, భయపడితే అప్పు చేసైనా డబ్బు తెచ్చేవారు ఉన్నారు. పిల్లలు కావాలనుకునే స్త్రీతో ఆ మాట ఎవరైనా అంటే, కాగితాలు తీసుకొని లేచి రండి. ఇంకో డాక్టర్‌కు చూపించండి.

ఈ మధ్య విక్టర్ బోనీ అనే ఆంగ్లేయ వైద్యుని గురించి చదివాను. వందేళ్ల కిందట లండన్‌లో పేరున్న శస్త్రచికిత్సకుడు. ఆయనకు పెళ్లయిన కొద్దికాలానికే భార్యకు ఫైబ్రాయిడ్ల వల్ల గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. వారికి పిల్లలు లేరు. ఆ రోజుల్లో గడ్డ ఉంటే సంచి మొత్తం తీసేయడమే పద్ధతి. ఆయన మాత్రం సంచిని కాపాడి గడ్డను మాత్రమే తీసే విధానం కోసం జీవితమంతా పాటుపడ్డాడు. రక్తం ఎక్కువ పోకుండా పట్టుకునే ఒక పనిముట్టు తయారు చేశాడు. దానికి ఈనాటికీ ఆయన పేరే. తన ఇంట్లో తీరని లోటును వేరే ఇళ్లలో రాకుండా చూడాలనుకున్న మనిషి. ఆయన విశ్వాసి అవునో కాదో నేను వెతకలేదు.

ఇక ఇళ్లలోని పెద్దలతో ఒక మాట. అత్తగారలారా, మామగారలారా, ముఖ్యంగా భర్తలారా. పిల్లలు లేరని డాక్టర్ దగ్గరికి వచ్చే స్త్రీలలో నూటికి 5 నుంచి 10 మందికి ఫైబ్రాయిడ్లు కనబడతాయట. మిగతా కారణాలన్నీ చూశాక ఇవి ఒక్కటే కారణమని తేలేది నూటికి 2, 3 మందిలోనే. అంటే గడ్డ కనబడింది కదా దొరికింది దొంగ అని అక్కడితో ఆపడానికి లేదు. నాళాలు తెరుచుకొని ఉన్నాయా, అండం విడుదలవుతోందా, థైరాయిడ్ ఎలా ఉంది, ఇవన్నీ చూడాలి. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే చవకగా, ఎవరికీ నొప్పి లేకుండా అయ్యే పరీక్ష ఒకటుంది. అది భర్తకు చేసే వీర్య పరీక్ష. మన సహోదరి అయిదేళ్లలో మూడు స్కాన్లు, రెండు ఉపవాస కూడికలు, ఒక మహాసభ తిరిగింది. ఆయన ఒక్కసారీ చేయించుకోలేదు. అడిగితే, "నాకేం లోపం అయ్యగారూ" అన్నాడు. లోపం అని ఎవరన్నారు నాయనా? పిల్లలు లేని జంటల్లో చాలామందికి మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. ఆమెను కత్తి కిందికి పంపేముందు నువ్వు ఒక చిన్న గిన్నె పట్టుకొని లోపలికి వెళ్లి రాలేవా? సోమవారం వెళ్తానని మాట ఇచ్చాడు, వెళ్లాడు కూడా. సంతోషం.

గల్ఫ్‌లో ఉన్న మన తమ్ముళ్లు కొందరు కూడా ఇది చదువుతారు. మీరు కువైట్‌లో రెండేళ్లు ఉండి రెండు నెలల సెలవుకు వస్తారు. ఆ రెండు నెలల్లో నెల తప్పలేదని మీ భార్యను గొడ్రాలని పిలుస్తున్నారు. జంట కలిసి ఉండి ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతేనే డాక్టర్లు సంతానలేమి అంటారు. భార్యకు 35 దాటితే ఆరు నెలలు. మీ కాపురం మొత్తం కలిపితే ఏడాది అయిందా? లెక్క వేసుకోండి.

హన్నా కథ మనం ఏటా మదర్స్ డేకి చెప్పుకుంటాం. అందరం సమూయేలు పుట్టిన దగ్గర చప్పట్లు కొడతాం. నాకు మాత్రం ఈ మధ్య ఏలీ గుర్తొస్తున్నాడు. ఆయన యాజకుడు, నాలాంటివాడు. మందిరంలో ఏడుస్తున్న స్త్రీ పెదవులు చూసి తాగివచ్చిందనుకున్నాడు. ఏమైందమ్మా అని అడగలేదు, ముందు గద్దించాడు. తర్వాత తప్పు తెలిసి దీవించాడు, అది వేరే సంగతి. మన సహోదరి మూడు నెలలుగా ప్రభువు బల్ల తీసుకోవడం లేదు. రక్తస్రావం ఉండగా పాలుపొందకూడదని ఎవరో పెద్దామె చెప్పారట. ఈ మూడు నెలలూ నేను ఆమె చేయి చాపకపోవడం చూసి, ఏదో పాపం దాచుకుందేమో అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఒక ప్రసంగంలో పరోక్షంగా గద్దించాను కూడా. పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ తన వస్త్రపు చెంగు ముట్టుకుంటే ప్రభువు ఆమెను మైలపడ్డదానివని పక్కకు నెట్టలేదు, కుమారీ అని పిలిచాడు. అన్నేళ్లు వైద్యుల చుట్టూ ఎందుకు తిరిగావని ఆమెను అడగలేదు. ఉన్నదంతా ఎందుకు ఖర్చుపెట్టావని అడగలేదు. ఇక నుంచి మన సంఘంలో నెలసరి ఉన్నా, రక్తస్రావం ఉన్నా బల్ల దగ్గరకు రావచ్చు. దీని మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే నాతో మాట్లాడండి, ఆడవాళ్లతో కాదు.

సాక్ష్యాల సంగతి కూడా చెప్పాలి. గర్భఫలం పొందినవారిని ముందుకు పిలిచి చీర పెట్టి, బిడ్డను ఎత్తి చూపించే అలవాటు మన కూడికల్లో ఉంది. ఆ సంతోషాన్ని నేను తగ్గించను. కానీ అదే సమయంలో వెనక వరుసలో తల వంచుకొని కూర్చునే ముగ్గురు నలుగురు నాకు పేరుపేరునా తెలుసు. వాళ్లలో ఒకామె గడ్డ సరైన చోట ఉందని తేలాక, మంచి డాక్టర్ దగ్గర, సరైన ఆపరేషనే చేయించుకుంది. రక్తస్రావం తగ్గింది, మనిషి కోలుకుంది, బిడ్డ మాత్రం కలగలేదు. గడ్డ తీస్తే అవకాశం పెరుగుతుంది, అంతే. ఏ డాక్టరూ హామీ ఇవ్వలేరు. హామీ ఇచ్చే డాక్టర్‌ను, హామీ ఇచ్చే ప్రసంగీకుణ్ణి ఒకే దూరంలో పెట్టండి. ఆమెతో ఎవరో "ఆపరేషన్ మీద ఆనుకున్నావు కాబట్టి ప్రభువు ఇవ్వలేదు" అన్నారట. ఎవరన్నారో నాకు తెలుసు. మీరు ఇది చదువుతారని కూడా తెలుసు. వెళ్లి క్షమాపణ అడగండి. నేను వచ్చి పక్కన నిలబడతాను, కావాలంటే.

అయితే ప్రార్థన ఎందుకు అని అడిగేవారుంటారు. ఆ ఆదివారం మేం ముగ్గురం మోకరించి ప్రార్థించాం. యాకోబు చెప్పినట్టు నూనె కూడా రాశాను. నా భార్య అప్పటికే డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఆ కాగితం వెనక పెన్నుతో రాసి ఉంచింది. గడ్డ గదిలోకి ఎంత వచ్చింది? సెలైన్ పంపి చేసే స్కాన్‌తో గానీ, దుర్భిణితో గానీ చూసి చెప్పగలరా? బయటి గడ్డను వదిలేస్తే ఏమవుతుంది? కోయకుండా తీయగలరా? తీశాక ఎన్ని నెలలు ఆగాలి? ఇలాంటివి మీరు ఎన్ని చేశారు? హిమోగ్లోబిన్ ఎంత ఉండగా చేస్తారు? నూనె రాసిన వేలి ముద్ర ఆ ప్రశ్నల మీదనే పడింది. మా ఆవిడ కాస్త విసుక్కుంది, అక్షరాలు చెరిగాయని.

ఆమె ఏం చేయాలో నేను చెప్పలేదు. చెప్పను కూడా. చిన్న గడ్డ తీయించుకుంటుందో, ఇంకొన్నాళ్లు ఆగుతుందో, అది ఆమె, ఆమె భర్త డాక్టర్‌తో కూర్చొని తేల్చుకోవాల్సిన విషయం. ఏ నిర్ణయం తీసుకున్నా మన సంఘంలో ఆమె విశ్వాసాన్ని ఎవరూ తూకం వేయకూడదని మాత్రమే నేను అడుగుతున్నాను. ఈలోగా ఆమె ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. డాక్టర్ రాసిచ్చిన ఫోలిక్ యాసిడ్ కూడా. ఈసారి మానమని ఎవరూ చెప్పకుండా చూసే బాధ్యత నాది.

గురువారం ఉదయం మొదటి బస్సుకు నా భార్య వారిద్దరితో కలిసి జిల్లా ఆసుపత్రికి వెళ్తోంది. ఓపీలో క్యూ ఎంతసేపు పడుతుందో తెలియదు, సాయంత్రం స్త్రీల కూడిక నడిపించడానికి ఆమె సమయానికి రాకపోవచ్చు. కాబట్టి ఈ గురువారం కూడిక 6 గంటలకు కాదు, 7:30కి. పాటల పుస్తకాలు పెద్దమ్మగారి ఇంట్లో ఉన్నాయి, ముందు వచ్చినవారు తెచ్చి పెట్టండి. ఆమె వచ్చాక ఏమైంది, డాక్టర్ ఏమన్నారు అని ఎవరూ అడగవద్దు. చెప్పాలనుకుంటే ఆమే చెబుతుంది.